ఖాళీ కంచాల బడి

పోలినాయుడు మాస్టారి దగ్గరికి ప్రశ్న పట్టుకుని వెళ్ళినవాళ్ళు అక్కడికక్కడే జవాబు పట్టుకుని తిరిగి వచ్చిన దాఖలా లేదు. ముప్పై ఏళ్ళు టీచర్లకి పాఠం చెప్పడం నేర్పిన మనిషి ఆయన. జిల్లాలో ఏ మూల బడికి వెళ్ళినా ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఒకరైనా తగులుతారు. పదవీ విరమణ చేసి నాలుగేళ్ళయినా వాళ్ళు అడగడం మానలేదు, ఆయన చెప్పకపోవడం మానలేదు. ప్రశ్న వినగానే కళ్ళజోడు తీసి తువ్వాలుతో తుడుచుకుంటారు. పెరట్లో చిక్కుడు పాదు కేసి కాసేపు చూస్తారు. ఆపైన ప్రశ్నకి ఏమాత్రం సంబంధం లేని మాట ఏదో అడుగుతారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఈయనకి చెవుడు కాబోలు అనుకుంటారు. పాతవాళ్ళు మాత్రం చెప్పులు విడిచి తీరిగ్గా కూర్చుంటారు, ఎందుకంటే ఇక ఏదో జరగబోతోందని వాళ్ళకి తెలుసు.

హైమవతి పాతవాళ్ళ లెక్కలోదే. మాస్టారు ఆఖరుగా చదువు చెప్పిన బ్యాచి ఆమెది. ఏడాది కిందట జీడివలస ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగం వచ్చింది. ముప్పై ఎనిమిది మంది పిల్లలకి ఆమె ఒక్కతే టీచరు. ఆ బుధవారం సాయంత్రం బడి వదలగానే బస్సెక్కి వచ్చి, ఇచ్చిన మంచినీళ్ళు కూడా ముట్టకుండా అడిగేసింది.

"మాస్టారూ, మధ్యాహ్నం భోజనంలో పిల్లలు నిజంగా ఎంత తింటున్నారో తెలుసుకోవడం ఎలాగండీ? మా బడిలో బకెట్లో మెతుకు మిగలడం లేదు. వంటావిడేమో పిల్లలు తినడమే లేదంటోంది. బకెట్‌ని నమ్మనా, ఆవిడని నమ్మనా? ఎల్లుండి లోపల తేలాలి."

ఎల్లుండి లోపలే ఎందుకు తేలాలో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. హైమవతి ఆ బడిలో చేరిన కొత్తలో, కుళాయి పక్కన పెట్టిన బకెట్ రోజూ మధ్యాహ్నానికి సగం పైన నిండేది. అన్నం, పప్పు, ఒక కొరుకు కొరికి పారేసిన గుడ్లు. ఊళ్ళో ఒకాయన వచ్చి దాన్ని గేదెల కుడితిలోకి పట్టుకుపోయేవాడు. హైమవతి నాన్న కౌలు రైతు. కళ్ళంలో రాలిన గింజని గోటితో ఏరి తెచ్చుకునే ఇంట్లో పుట్టిన పిల్లకి ఆ బకెట్ చూస్తే ప్రాణం ఒప్పేది కాదు. బతిమాలింది, బుజ్జగించింది, కథలు చెప్పింది, ఒకటి రెండుసార్లు కసిరింది. నాలుగు రోజులు బాగానే ఉండేది, అయిదో రోజు మళ్ళీ బకెట్ నిండేది. అప్పుడామెకి ఒక ఉపాయం తట్టింది. అది టీచర్లకి మాత్రమే తట్టే ఉపాయం.

వరండా గోడకి ఒక పెద్ద చార్టు తగిలించింది. పిల్లలు భోజనానికి కూర్చునే నాలుగు వరసలకి బంతి, చేమంతి, మందారం, కనకాంబరం అని పేర్లు పెట్టింది. వరసలో అందరి కంచాలూ ఖాళీ అయితే ఆ వరసకి ఒక ఎర్రచుక్క. ఒక్కరి కంచంలో అన్నం మిగిలినా వరస మొత్తానికి చుక్క లేనట్టే. ఇరవై చుక్కలు వచ్చిన వరసకి రంగు పెన్సిళ్ళు, పైగా శనివారం ఆటల్లో మొదటి వంతు. నెల తిరక్కుండా బకెట్ ఎండిపోయింది. కుడితి కోసం వచ్చే పెద్దమనిషి రెండు రోజులు ఖాళీ చేతులతో తిరిగి వెళ్ళి, మూడో రోజు నుంచి రావడమే మానేశాడు.

రెండు నెలలు పోయాక మండల విద్యాధికారి ఎమ్మీవో గారు తనిఖీకి వచ్చారు. బకెట్లోకి తొంగి చూశారు, నమ్మకం కుదరక వంగి మళ్ళీ చూశారు, జేబులోంచి ఫోన్ తీసి ఆ ఖాళీ బకెట్‌కి ఫొటో తీసుకున్నారు. మండలంలోని నలభై బడుల్లో చాలా చోట్ల అన్నం పారబోస్తున్నారని పైవాళ్ళ చేత చీవాట్లు తింటున్న మనిషాయన. "నా తలనొప్పి తీర్చావమ్మా," అన్నారు. వచ్చే శుక్రవారం మండలంలోని టీచర్లందరి సమావేశంలో హైమవతి లేచి తన పద్ధతి చెప్పాలి. ఆ రోజే నలభై బడులకీ అలాంటి చార్టులు పంచుతారు. ఉద్యోగంలో చేరి ఏడాదే అయిన పిల్లకి అంతకంటే ఏం కావాలి? ఇంటికి ఫోన్ చేసి వాళ్ళమ్మకి ఒకే సంగతి రెండుసార్లు చెప్పింది.

సంతోషంలో ముల్లులా గుచ్చుకున్నది అసిరమ్మ మాట ఒక్కటే. అసిరమ్మ ఆ బడిలో పదకొండేళ్ళుగా వంట చేస్తోంది. "పంతులమ్మా, పిల్లగుంటలు తినట్నేదమ్మా," అంది ఒకరోజు గరిటె కడుగుతూ. "ఇదివరకు గిన్ని నిండా వొండితే ఆకర్న గీకీవోల్లు. ఇప్పుడు తగ్గించి వొండినా అడుగున ఉండిపోతంది." హైమవతి మొదట ఆవిడకి కష్టపడి వండింది మెచ్చుకోవడం లేదని ఉక్రోషం కాబోలు అనుకుంది. ఇదివరకు ఎక్కువ పెట్టించుకుని పారేసేవాళ్ళు, ఇప్పుడు కావలసినంతే పెట్టించుకుంటున్నారు, అంతే కదా అని సర్దిచెప్పుకుంది. పిల్లల్ని రోజూ "కడుపు నిండిందా?" అని అడుగుతూనే ఉంది. "నిండింది టీచర్!" అని ముప్పై ఎనిమిది గొంతులూ ఒకేసారి పలుకుతూనే ఉన్నాయి. కానీ భోజనాలయ్యాక లెక్కల పాఠం చెబుతుంటే సగం మంది పలకల మీద తలలు వాల్చేస్తున్నారు. అది చూసినప్పుడల్లా అసిరమ్మ మాట మళ్ళీ వచ్చి కూర్చునేది. ఒకవేళ ఆవిడ చెప్పింది నిజమైతే శుక్రవారం తర్వాత తలలు వాల్చేది జీడివలస పిల్లలొక్కరే కాదు, నలభై బడుల పిల్లలు.

ఇదంతా విని మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. చిక్కుడు పాదు కేసి చూశారు.

"రేపు మీ బడిలో ఏం వంట?"

"అన్నం, టమాటా పప్పు, గుడ్డండీ."

"నాకో కంచం దొరుకుతుందా?"

మర్నాడు పన్నెండు కొట్టకముందే మాస్టారు ఆటో దిగారు. పంచె, చేతిసంచి, ఎండకి గొడుగు. హైమవతి ఆఫీసు గదిలో కుర్చీ వేసి, బల్ల మీద గుడ్డ పరిచి, స్టీలు గ్లాసు తళతళలాడేలా తోమించి పెట్టింది. ఆయన ఆ గదిలోకి అడుగు కూడా పెట్టలేదు. సరాసరి వరండాలోకి వెళ్ళి, బంతి వరసలో ఇద్దరు పిల్లల మధ్య సందు చూసుకుని, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కింద చతికిలబడ్డారు. ఒక పక్క రెండో తరగతి మోక్షిత, ఇంకో పక్క నాలుగో తరగతి లోహిత్. మోక్షిత ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి కాస్త జరిగి చోటిచ్చింది. హైమవతికి ఏం చెయ్యాలో తోచక, రోజూలాగే చార్టు పక్కన చుక్కల కాగితం చేత పట్టుకుని నిలబడింది. టీచరు చూస్తోందని పిల్లలంతా వెన్ను నిటారుగా పెట్టారు.

అసిరమ్మ వడ్డన మొదలుపెట్టింది. కనకాంబరం వరస, మందారం వరస. హైమవతి ఎన్నో రోజులుగా చూస్తున్న వడ్డనే అయినా ఆ రోజు కొత్తగా కనపడింది. గరిటె కంచం దగ్గరికి రాగానే చిన్న అరచెయ్యి ఒకటి అడ్డం వచ్చేది. అసిరమ్మ సగం గరిటె వేసి ముందుకి కదిలేది. మళ్ళీ అరచెయ్యి, మళ్ళీ సగం గరిటె. పిల్లలు ఎంత పొదుపుగా పెరిగారో అని ఇన్నాళ్ళూ మురిసిపోయిన దృశ్యం అది. మాస్టారి దగ్గరికి వచ్చేసరికి అసిరమ్మ చెయ్యి ఆగలేదు. ఊరికి వచ్చిన పెద్దమనిషి, పైగా తన పంతులమ్మకే పాఠం చెప్పిన పంతులు. నాలుగు గరిటెల అన్నం గుట్టగా పెట్టి, మీద పప్పు దొర్లించి, రెండు గుడ్లు పక్కన పెట్టింది. ఆయన చాలనలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు.

తినడం మొదలుపెట్టిన పది నిమిషాలకల్లా పిల్లల కంచాలన్నీ ఖాళీ. నాలుగు ముద్దల అన్నం తినడానికి అంతకంటే ఎంతసేపు పడుతుంది? మాస్టారు మాత్రం గుట్టకి ఒక పక్కనుంచి తవ్వుతూ, నిమ్మళంగా నములుతూ, మధ్యలో నీళ్ళు తాగుతూ, సగానికి వచ్చి ఆగిపోయారు. ఆయన నిజంగానే తినలేకపోయారో, తినగలిగి ఆగారో, ఆ సంగతి ఈ కథ చెబుతున్నవాడికి ఈ రోజుకీ తెలియదు. వరసలో అలజడి బయలుదేరింది. చుక్క పోతుందేమోనన్న బెంగ అటు చివర నుంచి ఇటు చివరకి పాకింది. చేమంతి వరసవాళ్ళు మెడలు సాచి, లోలోపల సంతోషిస్తూ చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే హైమవతికి ఫోన్ మోగింది. ఎమ్మీవో గారు. ఆమె గదిలోకి వెళ్ళి రెండు మాటలు మాట్లాడి, తిరిగి గుమ్మం దాకా వచ్చి, మోక్షిత గొంతు విని తలుపు వెనకే నిలబడిపోయింది.

"తాతా, బేగి తినీ. మా వరసకి సుక్క రాదు."

"ఏం చెయ్యనమ్మా, పొట్ట నిండిపోయింది," అన్నారు మాస్టారు దీనంగా.

మోక్షిత వెనక్కి తిరిగి చూసింది. టీచరు లేదు. మరీ ఇంత తెలియని మనిషి ఎక్కడి నుంచి వచ్చాడన్నట్టు నిట్టూర్చి, ఆయన చెవి దగ్గరికి జరిగింది. "నీకు తెల్దేటి? అంత ఎట్టించుకోకూడదు. గరిటి రాకముందే సెయ్యి అడ్డెట్టీయాల. ఇదిగో, ఇలగ." అరచెయ్యి కంచం మీద బోర్లించి చూపించింది. "నానైతే రెండు ముద్దలే ఎట్టించుకుంతాను. రెండు ముద్దలైతే ఎప్పుడూ మిగలదు."

"మరి ఆకలెయ్యదా?"

"ఏత్తాది. ఇంటికెల్లి తింతాను." ఇందులో అడగడానికేముంది అన్నట్టు చెప్పింది.

ఆయన కొత్తవాడు, కష్టంలో ఉన్నాడు, పైగా తమ వరసవాడు. వరస మొత్తం ఆయన్ని ఆదుకోవడానికి దిగింది. తలా ఒక కిటుకు. గుడ్డులో పచ్చసొన నచ్చని ఒక పిల్ల దాన్ని ప్లాస్టిక్ కవరులో కట్టి గోడవతల కోళ్ళకి వేస్తుందట, కావాలంటే ఆ కోళ్ళని కూడా చూపిస్తుందట. ఇంకొకడు పప్పు ఎక్కువైన రోజు దాన్ని గ్లాసులో దాచి కుళాయి దగ్గర ఒలకబోస్తాడట. మరొకడు రెండోసారి అన్నం అడగాలని ఉన్నా అడగడట, అడిగాక మిగిలిపోతే వరసంతా తనని తిడుతుందట. ఒకసారి అలా మిగిలితే మూడు రోజులు ఎవరూ ఆటకి పిలవలేదట. ఇవన్నీ వాళ్ళు ఏడుస్తూ చెప్పలేదు. సైకిల్ నేర్చుకున్నవాడు రానివాడికి చెప్పినంత గర్వంగా చెప్పారు.

లోహిత్ అంతదాకా మాస్టారి కంచం కేసే చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగేశాడు.

"తాతా, ఆ పక్క నువ్వు ముట్టలేదు గదా. నాకెట్టీ. నాను తినీగలను."

మాస్టారు అసిరమ్మని పిలిచి గరిటె అడిగారు. ముట్టని పక్క నుంచి ఒక గరిటె అన్నం తీసి లోహిత్ కంచంలో వేశారు. వాడు తలెత్తకుండా తినడం చూసి మోక్షిత తన కంచం ముందుకి తోసింది. "నాకూ, కూసింత." ఆ వెనక ఇంకో కంచం, దాని మీదుగా మరొకటి. ఒక్క నిమిషంలో ఆ ముసలాయన చుట్టూ తొమ్మిది ఖాళీ కంచాలు చాపి ఉన్నాయి. ఆయన కంచంలో అన్నం చాలలేదు. అసిరమ్మ వంటగదిలోకి పరిగెత్తి గిన్నె ఎత్తుకొచ్చింది. "తినండ్రా నా తండ్రే, తినండి," అంటూ వడ్డించింది.

తలుపు వెనక హైమవతి గోడకి ఆనుకుని నిలబడింది. సిగ్గుతో ముఖం వేడెక్కింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. పిల్లలకి అన్నం విలువ నేర్పుతున్నాననుకుంది. వాళ్ళు నేర్చుకున్నది ఆకలి దాచుకోవడం. ఎవరో దొంగతనం చేస్తే కోపం తెచ్చుకోవచ్చు. ఇక్కడ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? ఎర్రచుక్కల కాగితం ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

మాస్టారు చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆయన ఏమైనా అంటారని ఎదురు చూసింది. ఆయన అసిరమ్మతో పప్పు చాలా బాగుందని చెప్పారు, చింతపండు వేశావా అని అడిగారు. ఆటో ఎక్కబోతూ హైమవతి కేసి తిరిగి, "రేపు సమావేశం ఎన్నింటికి?" అన్నారు. "పదకొండింటికండీ," అంది. "ఎండ ముదురుతుంది, గొడుగు పట్టుకెళ్ళు," అని వెళ్ళిపోయారు. హైమవతికి నిజం చెప్పాలంటే ఒళ్ళు మండింది. రేపు ఏం చెయ్యమంటారో ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయింది?

శుక్రవారం మండల కార్యాలయంలో బల్ల మీద చార్టుల కట్ట కనిపించింది. రంగుల్లో అచ్చు వేయించారు. పైన పూల తోరణం, కింద చిన్న అక్షరాల్లో 'రూపకల్పన: హైమవతి, జీడివలస.' తన పేరు అచ్చులో చూసుకోవడం ఆమెకి అదే మొదటిసారి. ఎమ్మీవో గారు లేచి ఖాళీ బకెట్ ఫొటో అందరికీ చూపించి, ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి అన్నారు. నలభై మంది చప్పట్లు కొట్టారు. అందరూ ఆమె కంటే పెద్దవాళ్ళు, కొందరైతే ఆమె పుట్టకముందు నుంచీ పాఠాలు చెబుతున్నవాళ్ళు. హైమవతి లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది.

"మా బడిలో బకెట్ ఖాళీగా ఉన్న మాట నిజమండీ. పిల్లల కడుపులు కూడా ఖాళీగానే ఉన్నాయి. ఆ సంగతి నాకు నిన్ననే తెలిసింది."

ఆపైన జరిగింది జరిగినట్టు చెప్పేసింది. అరచెయ్యి అడ్డం పెట్టడం, కోళ్ళు, గ్లాసులో పప్పు, తొమ్మిది కంచాలు. చార్టు తనే తయారుచేశానని, వరసకో చుక్క అన్న నియమం తనదేనని, అసిరమ్మ ముందే చెప్పినా తను వినిపించుకోలేదని కూడా చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎమ్మీవో గారు కణతలు రుద్దుకున్నారు. "అమ్మా, చార్టులు అచ్చయిపోయాయి కదమ్మా," అన్నారు చివరికి, కోప్పడలేక.

"వెనకవైపు తెల్లగానే ఉన్నాయండీ. పిల్లలు బొమ్మలు వేసుకుంటారు."

వెనక బల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎమ్మీవో గారు కాసేపు ఆ కట్ట కేసి, కాసేపు ఆమె కేసి చూసి, కట్ట తీసి బీరువాలో పెట్టించేశారు. మధ్యాహ్నం అందరికీ భోజనం పొట్లాలు ఇచ్చారు. టీచర్ల పొట్లాల్లో సగానికి సగం అన్నం మిగిలింది. చెత్తబుట్ట నిండి పక్కకి ఒరిగింది. వాళ్ళకి చుక్కలు తగ్గించేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

హైమవతి పొట్లం ముందు పెట్టుకుని ఒక మూల ఒంటరిగా కూర్చుంది. పరువు పోయిందనే అనుకుంది. అంతలో పెద్దావిడ ఒకామె వచ్చి పక్కన కూర్చుని, కాసేపు ఎండల గురించి మాట్లాడి, గొంతు తగ్గించింది. "మా బడిలో చార్టు లేదమ్మా, నేను కర్ర పట్టుకుని నించుంటాను. మాకూ బకెట్ ఖాళీయే. నువ్వు చెబుతుంటే మా పిల్లలే కళ్ళముందు కనపడ్డారు." ఆవిడ వెళ్ళాక ఒకాయన వచ్చాడు. వచ్చే ఏడాది పదవీ విరమణ చెయ్యబోయే మనిషి. తన బడిలో ఎవరు తిన్నారో ఎవరు పారేశారో చూడక ఆరేళ్ళయిందనీ, ఆ టైములో గదిలో తలుపేసుకుని తన క్యారేజీ తను తింటాననీ చెప్పాడు. బస్సు దగ్గర మూడో ఆవిడ పట్టుకుంది. ఆవిడ హైమవతి చెయ్యి పట్టుకుని, "సోమవారం నుంచి నేనూ వాళ్ళతో కూర్చుంటాను," అంది.

రెండు వారాలు గడిచాక, ఒక ఆదివారం పొద్దున్నే హైమవతి మాస్టారి ఇంటికి వెళ్ళింది. ఈసారి ముందు మంచినీళ్ళు తాగింది, పెట్టిన ఉప్మా తింది, అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. చార్టు తీసేసిన మొదటి మూడు రోజులూ పిల్లలు అలవాటు కొద్దీ అరచేతులు అడ్డం పెడుతూనే ఉన్నారు. నాలుగో రోజు హైమవతి తన కంచం పట్టుకుని మందారం వరసలో కూర్చుంది. తినలేక కాస్త మిగిల్చి, అందరి ముందే లేచి బకెట్లో వేసింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారట. ఆ మర్నాడు చేతులు కొన్ని తగ్గాయి. ఇప్పుడు లోహిత్ మూడోసారి కూడా అడుగుతున్నాడు. మోక్షిత గుడ్డు తిని పప్పు వదిలేస్తోంది, ఒక్కోరోజు పప్పు తిని గుడ్డు వదిలేస్తోంది. అసిరమ్మ గిన్నె నిండా వండుతోంది, గిన్నె అడుగు గీకుతోంది. లెక్కల పాఠంలో ఎవరూ పడుకోవడం లేదు, అల్లరి భరించలేకుండా ఉంది.

"బకెట్లో రోజూ కాస్త అన్నం పడుతోంది మాస్టారూ. కుడితికి మనిషి మళ్ళీ వస్తున్నాడు. చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. కానీ ఫరవాలేదనిపిస్తోంది."

మాస్టారు తలూపారు. హైమవతి ఖాళీ ప్లేటు పక్కన పెట్టింది. అసలు మాట ఇంకా లోపలే ఉంది.

"ఒక్కటి మాత్రం నాకు అంతుబట్టడం లేదండీ. మూడు నెలలు రోజూ అడిగాను, కడుపు నిండిందా అని. ఒక్క పిల్ల నిజం చెప్పలేదు. మీ దగ్గర ఒక్క పూటలో అన్నీ చెప్పేశారు. ఆ సమావేశంలోనూ అంతే. ఎన్నేళ్ళుగానో మీటింగులకి వస్తున్నవాళ్ళు, ఎవరికీ చెప్పనిది వచ్చి నాకు చెప్పారు. నేను వాళ్ళని ఏమీ అడగను కూడా లేదు. ఆ రోజు నేను ఫోన్‌కి వెళ్ళినప్పుడు పిల్లల్ని మీరు ఏమని అడిగారు మాస్టారూ?"

"నేనేం అడిగానమ్మా?" అన్నారు పోలినాయుడు మాస్టారు. "తినలేక మిగిల్చాను, అంతే."